కేబీఆర్ పార్కు లోపలి బాటలో నడిచేవారికి కొన్ని సూచనలు

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనాన్ని నగరవాసులు కేబీఆర్ పార్కు అని పిలవడం అలవాటే గానీ, అది పూలమొక్కలు పెంచిన ఉద్యానం కాదు. చుట్టూ నగరం పెరిగిపోగా సుమారు 390 ఎకరాల్లో మిగిలిన దక్కన్ చిట్టడవి అది; 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. ప్రహరీ వెలుపల రోడ్డు వెంట సాగే నడకదారి వ్యాయామానికి చక్కగా సరిపోతుంది. అడవిని చూడాలనుకునేవారు మాత్రం టికెట్టు తీసుకొని లోపలి మట్టి బాట పట్టాలి. ఈ సూచనలు అలా మొదటిసారి వెళ్లేవారి కోసమే.

ప్రధాన ద్వారం బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి ఎదురుగా ఉంటుంది. మెట్రోలో వచ్చేవారు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కడం సులువు. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే లోపలికి అనుమతిస్తారు కనుక వేళలను ముందుగానే తెలుసుకోవాలి. వీలైతే ఆదివారం మానుకొని, పనిరోజున గేటు తెరిచే వేళకే చేరుకోవడం మేలు. రాత్రంతా ఎత్తైన కొమ్మలపై గడిపిన నెమళ్లు మేతకు నేలకు దిగేది అప్పుడే.

దుస్తుల విషయంలో ఆర్భాటం అక్కరలేదు. మట్టిరంగో ఆకుపచ్చో పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, పట్టున్న అరికాలు గల బూట్లు చాలు. ఇక్కడి గ్రానైటు బండలు చూడడానికి గరుకుగా ఉన్నా, వాన వెలిశాక వాటిపై పేరుకునే పాచి మహా జారుడు. హవాయి చెప్పులతో వెళ్లి, అందరూ చూస్తుండగా బండ మీద చతికిలబడిన అనుభవం నాకుంది. నీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లాలి. తినుబండారాలు ఇంటి దగ్గరే వదిలేయాలి.

అసలు విషయం నడక తీరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, మొబైల్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ గబగబా సాగిపోయేవారికి ఈ బాట ఇట్టే అయిపోతుంది, ఏమీ కనిపించదు. పాతిక అడుగులు వేసి, రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. మన అడుగుల చప్పుడుకు మౌనం వహించిన పొద మళ్లీ మాట్లాడడం మొదలుపెడుతుంది. మొదట పికిలిపిట్టల గోల, ఆపైన ఎండుటాకుల్లో ఏదో గీరుతున్న అలికిడి వినిపిస్తాయి. అలా నిలబడిన ఒక ఉదయం, బాట పక్కన మెత్తటి మట్టిలో గుంత చేసుకొని, రెక్కలతో దుమ్ము ఎగజల్లుకుంటూ స్నానం చేస్తున్న ఆడ నెమలిని చూశాను. దాని మెడ మీది ఆకుపచ్చ మెరుపు దుమ్ములో పూర్తిగా మాసిపోయింది. నేను ఫోన్ పైకెత్తగానే లేచి వెళ్లిపోయింది కనుక ఫొటో లేదు. జంతువు మనవైపు తల తిప్పి చూసిందంటే అంతకన్నా దగ్గరికి వెళ్లకూడదని అర్థం. గింజలు, మరమరాలు చల్లి పిలవడం దయ అనిపించుకోదు, ఎందుకంటే మేతకు మనిషిని నమ్ముకున్న పక్షి ప్రహరీ దాటి రోడ్డు మీదికీ వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది ఏం చూడాలనుకుంటున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చిన మోదుగలు ఎర్రగా పూస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రేల చెట్లకు పసుపు గుత్తులు వేలాడతాయి గానీ ఎనిమిది దాటాక ఎండ తట్టుకోవడం కష్టం. నన్నడిగితే తొలకరి తర్వాతి రెండు నెలలే ఈ అడవికి అందం. జూన్ చివర్లో ఆరుద్ర కార్తె ప్రవేశించాక, అదృష్టం ఉంటే తడి మట్టిలో ముఖమల్ లాంటి ఎర్రని ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. నెమళ్లు పురివిప్పేది కూడా ఆ రోజుల్లోనే. వానలు తగ్గుముఖం పట్టాక మగ నెమళ్ల పింఛాలు రాలతాయి. బాట మీద ఈక కనిపించినా తీసుకోరాదు, జాతీయ వనంలోంచి ఏదీ బయటికి తీసుకురాకూడదు.

వానాకాలంలో పాముల పట్ల జాగ్రత్త అవసరం. పుట్టల దగ్గర, రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదు. బాట వదిలి గడ్డిలోకి దిగకూడదు. పాము ఎదురైతే ఉన్నచోటే ఆగి, అది దాటిపోయేదాకా ఓపిక పట్టాలి. ఒకవేళ కాటు పడితే తాడు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం వంటివి చేయకుండా, కాటు పడ్డ అవయవాన్ని కదలనీయక వెంటనే 108కి ఫోన్ చేయాలి. విరుగుడు ఇంజెక్షన్ దొరికేది ఆసుపత్రిలోనే.

తిరిగి వచ్చేటప్పుడు గేటుకు ఇవతలే ఒక నిమిషం ఆగి, ప్యాంటు అంచులు, మేజోళ్లు చూసుకోండి. వినాయక చవితి పత్రిలో పెట్టే ఉత్తరేణి గింజలు వాటికి బారులు తీరి అంటుకొని ఉంటాయి. వాషింగ్ మెషీన్‌కు అవి లొంగవు కనుక, ఒక్కొక్కటిగా తీసి ఆ మట్టిలోనే రాల్చి బయటికి రావాలి.