ఉప్పునీటి ట్యాంకులో ఐప్టేసియా బెడద: తొలగించే పద్ధతులు

కొత్తగా తెచ్చిన లైవ్ రాక్ (సూక్ష్మజీవులతో కూడిన సముద్రపు రాయి) మీదో, పగడపు ముక్క అంటించిన చిన్న దిమ్మె మీదో కొన్ని వారాల తర్వాత గోధుమరంగు సన్నని కాడ, దాని కొసన పొడవైన, మొనదేలిన స్పర్శకాలు కనిపిస్తే అది చాలావరకు ఐప్టేసియా అనే ఎనిమోన్ (పువ్వులా విచ్చుకునే సముద్రజీవి) అయి ఉంటుంది. పుల్ల దగ్గరికి తీసుకెళ్లగానే అది రాతి రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. ఫెదర్ డస్టర్ పురుగు కూడా అలాగే ముడుచుకుంటుంది గానీ, దానికి గొట్టం, ఈకల వంటి కిరీటం ఉంటాయి; అది ఏ హానీ చేయదు కాబట్టి పొరపాటున దాన్ని చంపకూడదు. మజానో అనేది మరో రకం ఎనిమోన్. పొట్టి కాడతో, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో, ఉబ్బిన కొసలున్న స్పర్శకాలతో అందంగానే ఉంటుంది. దాన్ని ఇష్టపడి పెంచుకునే బబుల్ టిప్ ఎనిమోన్ పిల్ల అనుకుని ముచ్చటపడి పెంచేవారూ ఉన్నారు.

ఐప్టేసియా, మజానో రెండూ తమ దంశకణాలతో (కుట్టే కణాలతో) పక్కనున్న పగడాలను కాల్చి, వాటి చోటును ఆక్రమిస్తాయి. వీటి లోపల నివసించే శైవలాలు వెలుతురు నుంచి ఆహారం తయారుచేసి ఇస్తాయి. చేపలకు వేసిన మేతలో మిగిలినదీ వీటికే దక్కుతుంది. అందువల్ల మేత తగ్గించి, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను అదుపులో ఉంచితే వీటి పెరుగుదల మందగిస్తుందే తప్ప, ఉన్నవి చావవు.

అన్నిటికంటే ముందు చేయకూడని పనొకటి ఉంది. ఐప్టేసియాను గోటితోనో, చాకుతోనో గీకి తీయకూడదు. గరికను పైపైన కోసినంత మాత్రాన పోనట్టే, దీని పాదం నుంచి రాతికి అంటుకుని మిగిలిన చిన్న తునక కూడా కొత్త ఎనిమోన్‌గా ఎదుగుతుంది.

ఒకటి రెండు కనిపించిన దశలోనే చర్య తీసుకునేవారికి కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద, అంటే కాల్క్‌వాసర్ పొడిని కొద్దిపాటి ఆర్.ఓ. నీటితో చిక్కగా కలిపినది, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగిన సాధనం. పాన్ డబ్బాలో దొరికే సున్నం కూడా రసాయనికంగా అదే అయినా, అందులో ఇంకేం కలిశాయో తెలియదు కాబట్టి అక్వేరియం కోసం అమ్మే శుద్ధమైన పొడినే వాడాలి. అది కంట్లో పడితే తీవ్రంగా కాలుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. మందుల దుకాణంలో దొరికే చిన్న సిరంజికి మొద్దు సూదినో, సన్నని ప్లాస్టిక్ గొట్టాన్నో తగిలించి ముద్దను నింపుకోవాలి. ట్యాంకులో నీటిని తిప్పే పవర్‌హెడ్‌లు, ఫిల్టరు నుంచి నీటిని తిరిగి పంపే రిటర్న్ పంపు ఆపి నీరు నిలకడ అయ్యాక, ఎనిమోన్ పూర్తిగా విచ్చుకుని ఉన్నప్పుడు గొట్టాన్ని పైనుంచి చాలా నెమ్మదిగా దాని నోటి దగ్గరికి తీసుకెళ్లి, అది ముడుచుకునేలోపే ముద్దను వదలాలి. ముడుచుకున్నా ఆ రంధ్రాన్ని ముద్దతో కప్పేయాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి పంపులు మళ్లీ నడపవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం అంతకు మించి ఆపి ఉంచడం మంచిది కాదు; మన ఎండలకు వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది గనుక చేపలు ఇబ్బందిపడతాయి.

ఈ ముద్ద నీటి పీహెచ్‌ను, అంటే క్షారగుణాన్ని, పెంచుతుంది. కాబట్టి చిన్న ట్యాంకులో ఒక పూటకు మూడు నాలుగింటికి మించకుండా, పీహెచ్ 8.4 దాటకుండా చూసుకుంటూ, మిగతావాటిని మరో రోజుకు వాయిదా వేయాలి. నిమ్మరసం, మరిగిన నీరు ఎక్కించే పద్ధతులూ ఉన్నాయి గానీ, అవి కాడ లోపలికి సరిగ్గా దిగకపోతే ఎనిమోన్ తేరుకుంటుంది.

సంఖ్య పెరిగి, చేతికందని మూలల్లోకి పాకినప్పుడు సహజ శత్రువులనే ఆశ్రయించాలి. పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్న ఐప్టేసియాలను రాత్రిళ్లు తింటాయి. పెద్దవాటి జోలికి అంతగా పోవు, మజానోలను సాధారణంగా ముట్టవు. దుకాణంలో వీటి పేరుతో ఒంటె రొయ్యను అంటగట్టే ప్రమాదం ఉంది. పెప్పర్‌మింట్ రొయ్య ఒళ్లు కాస్త పారదర్శకంగా ఉండి, దానిపై సన్నని ఎర్ర గీతలు కనిపిస్తాయి. ఒంటె రొయ్యకు వీపుపై గూని, ఎరుపు తెలుపుల ముదురు చారలు ఉంటాయి. రెండోది ఐప్టేసియాను వదిలేసి మెత్తని పగడాలను తినేస్తుంది. బెర్ఘియా అనే గుల్లలేని సముద్రపు నత్త ఐప్టేసియాను తప్ప మరేదీ తినదు. పగడాలకు దానివల్ల భయం లేదు. అయితే రాస్ చేపలు, పెప్పర్‌మింట్ రొయ్యలు దాన్నే తినేస్తాయి కాబట్టి వాటితో కలిపి దీన్ని వదలడం డబ్బు నీళ్లలో పోసినట్టే. మేత అయిపోగానే అది ఆకలితో చనిపోతుంది; ఆ లోపే మరో ట్యాంకుకు ఇవ్వగలిగితే మేలు. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప సమర్థమైనదే గానీ, మేతకు అలవాటు పడని మొండిది; పెద్ద ట్యాంకు లేనివారు దాన్ని తేకపోవడమే మంచిది.

ఒకే రాతి నిండా వ్యాపిస్తే ఆ రాయిని బయటికి తీసి, వారాల తరబడి ఎండలో ఎండబెట్టి కడిగి వాడుకోవచ్చు. మరిగించడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఆ రాతిపై జోయాంథిడ్‌లు అనే గుంపుగా పెరిగే మెత్తని జీవులు, ముఖ్యంగా వాటిలో పాలితోవా రకం ఉంటే, వాటిలోని పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఆవిరితో పాటు గదిలోకి వ్యాపించి, ఇంట్లోవారి ప్రాణాలకే ముప్పు తెస్తుంది.

నీటి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మన వంటింటి ఆర్.ఓ. యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం కొంత ముడి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. బోరు నీటిలోని నైట్రేట్ ఆ దారిన ట్యాంకులోకి చేరి ఐప్టేసియాకు మేలు చేస్తుంది. ఉప్పు కలిపే ముందు నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) సున్నాకు దగ్గరగా ఉండేలా, మిగిలిన లవణాలను తీసేసే డీఐ గొట్టం జోడించుకోవాలి.

కొత్త రాయిని, పగడాన్ని నేరుగా ప్రధాన ట్యాంకులో పెట్టకుండా కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, రాత్రిపూట టార్చి వేసి చూడాలి. మన తీరాల్లోని రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు గనుక, ఎవరో తీరం నుంచి ఏరి తెచ్చామంటూ అమ్మే రాళ్లకు దూరంగా ఉండాలి. పగడాలను ముంచే మందులు ఐప్టేసియాను సాధారణంగా చంపలేవు. అందుకే దిమ్మె మీద అది కనిపిస్తే, పగడాన్ని జాగ్రత్తగా విడదీసి సూపర్ గ్లూ జెల్‌తో కొత్త దిమ్మెకు అంటించి, పాతదాన్ని చెత్తబుట్టలో వేయాలి.