బ్రిటిష్ కాలపు పాత అశ్వికాధికారి కత్తి: తొలి యజమాని పేరు పట్టడం ఎలా

చేతికి రాగానే చింతపండు, ఇసుక కాగితం, బ్రాసో జోలికి పోకండి. అలుగు (పిడి పోను మిగిలిన కత్తి ఇనుము) మీది నగిషీని ఆసిడ్‌తో వేస్తారు, దాని లోతు చాలా తక్కువ. ఒక్కసారి తోమితే పేరు కూడా పోతుంది. మెత్తటి నూలుగుడ్డకు నాలుగు చుక్కల కుట్టుమిషను నూనె రాసి తుడిస్తే చాలు.

చీకటి గదిలో టార్చిని అలుగుకు దాదాపు ఆనించి, అడ్డంగా వెలుగు పడేలా పట్టండి. ఎదురుగా కనబడని గీతలు అప్పుడు తేలతాయి. పలచటి కాగితం వేసి పెన్సిల్‌తో మెల్లగా రుద్దినా అచ్చు దిగుతుంది.

ముందు కాలం తేల్చాలి, పేరు తర్వాత. అలుగు మీద అప్పటి రాజు లేదా రాణి పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది: వి.ఆర్. అంటే విక్టోరియా (1837–1901), ఇ.ఆర్. పక్కన ఏడు అంకె ఉంటే ఏడవ ఎడ్వర్డ్ (1901–1910), జి.వి.ఆర్. అంటే ఐదవ జార్జ్ (1910–1936). పిడి కూడా చెబుతుంది. తిన్నని అలుగు, చేతిని కప్పేసే నగిషీ గిన్నె ఉంటే 1912లో సైన్యం ఖరారు చేసిన నమూనా. కొద్దిగా వంపు, మూడు కమ్మీల పిడి ఉంటే 1821 తేలిక అశ్వికదళ నమూనా. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే ఫిరంగిదళ అధికారులూ అదే పిడి వాడారు. నగిషీలో ఫిరంగి కనిపిస్తే గుర్రాల కథ వదిలేయండి.

రిజిమెంట్ పేరు దొరికితే అదీ తేదీయే. రెండవ మద్రాస్ లాన్సర్స్ 1903లో 27వ లైట్ కావల్రీ, 1922లో 16వ లైట్ కావల్రీ అయింది. అలుగు మీద ఏ పేరుందో ఆ కాలమే.

విల్కిన్సన్ అనే ఇంగ్లండు కత్తుల తయారీ సంస్థ చేసిన కత్తి అయితే పిడి దగ్గర, అలుగు వీపు మీద వరుస సంఖ్య వెతకండి. మొదట ఎవరికి అమ్మారో ఆ సంస్థ చిట్టాలో ఆ సంఖ్య కింద రాసేవారు. పిడి దగ్గర ఇత్తడి బిళ్ల మీద ఉండే హెచ్.డబ్ల్యూ. యజమాని పొడి అక్షరాలు కావు, అవి హెన్రీ విల్కిన్సన్‌వి. చిట్టాలో కొన్నవాడు దుస్తుల దుకాణదారుడూ కావచ్చు, అప్పుడు దారి అక్కడితో ఆగుతుంది.

ఇక పొడి అక్షరాలు. కొత్తగా కొలువు దొరికినవాడు సొంత డబ్బుతో కత్తి కొనుక్కునేవాడు కాబట్టి, కత్తి తయారైన ఏడాదికి అటూ ఇటూ రెండేళ్ల ఆర్మీ లిస్టుల్లో (సైన్యాధికారుల పేర్ల పట్టికల్లో) ఆ రిజిమెంట్ కింది చిన్న అధికారులనే చూడండి. హార్ట్ ఆర్మీ లిస్టులు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితం. మద్రాసు సైన్యం కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగండి. వంశచిహ్నం ఒక్కదాన్నే నమ్మొద్దు, ఒకే చిహ్నం పది కుటుంబాలకు ఉంటుంది.

9 అంగుళాలు దాటిన అలుగును ఆయుధాల చట్టం ఆయుధంగానే లెక్కిస్తుంది, అందుకని స్థానిక పోలీసుల్ని ముందే అడిగి ఉంచుకోండి. నూరేళ్లు దాటినది పురావస్తువు, దేశం దాటించకూడదు.

చెన్నై ఉప్పుగాలికి తోలు ఒరలో కత్తి పెడితే వానాకాలం గడిచేసరికి తుప్పు. విడిగా, మైనం పూసి, సిలికా జెల్ పొట్లాలతో బీరువాలో పెట్టండి.