బండల ఫ్యాక్టరీలో పనిచేసేవారు చెవిని కాపాడుకోవడం ఎలా?

తాడిపత్రి చుట్టుపక్కల బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలలో పనిచేసేవారు "మోత అలవాటైపోతుంది" అంటుంటారు. అక్కడే 20 ఏళ్లకు పైగా పనిచేసిన మా మామ కూడా అదే మాట అనేవారు. అలవాటు అనుకున్న ఆ కాలమంతా ఆయన వినికిడి తరిగిపోతూ వచ్చిందని మాకు ఆలస్యంగా తెలిసింది.

చెవిలో ఏం జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. చెవిడొప్ప పోగుచేసిన శబ్దం, పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుండే వంకర నాళం గుండా వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు అందుకొని లోపలి చెవిలోని ద్రవానికి చేరుస్తాయి. గాలిలోని శబ్దం ద్రవాన్ని నేరుగా తాకితే చాలా భాగం వెనుదిరిగిపోతుంది గనుక, కర్ణభేరి మీద పడిన బలమంతా అందులో సుమారు 17వ వంతు వైశాల్యం మాత్రమే ఉన్న కర్ణాంతరాస్థి పాదం మీదికి చేరి, ద్రవాన్ని కదిలించేంతగా ఒత్తిడి పెరిగేలా ఈ అమరిక ఉంది. ఆపైన నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలు ఆ కదలికను గ్రహించి, నాడి ద్వారా మెదడుకు సంకేతాలు పంపుతాయి. మనిషిలో ఈ కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. మోత దెబ్బ సాధారణంగా ముందుగా 4,000 హెర్ట్జ్ దగ్గరి కీచు శబ్దాల మీద పడుతుంది. అందుకే స, ష, త, క వంటి హల్లులు జారిపోయి, మాట వినబడుతున్నా అర్థం కాని స్థితి వస్తుంది. మా మామ విషయంలో దానిని మేము చాలాకాలం పరధ్యానం అనుకున్నాము.

చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అక్కడి మోత 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) దాటి ఉండవచ్చునని భావించాలి. రోజుకు 8 గంటలకు ఆ స్థాయిని హద్దుగా తీసుకుంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఉండదగిన సమయం సగానికి తగ్గుతుంది.

స్పాంజి ఇయర్‌ప్లగ్ పెట్టుకునే ముందు, రాతి బురద అంటిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి. ప్లగ్గును వేళ్ల మధ్య వత్తిలాగా సన్నగా నలిపి, రెండవ చేతిని తల మీదుగా తెచ్చి చెవిడొప్పను పైకీ వెనక్కీ లాగితే నాళంలోని వంకర సరిదిద్దుకుంటుంది. అప్పుడు ప్లగ్గును లోపలికి పెట్టి, అది ఉబ్బేవరకు 20 నుంచి 30 సెకన్లపాటు వేలితో ఆనించి ఉంచాలి. తరువాత రెండు చెవులనూ అరచేతులతో మూసి చూడాలి. మోత ఇంకా బాగా తగ్గినట్లు అనిపిస్తే ప్లగ్గు సరిగా కూర్చోలేదని అర్థం, తీసి మళ్లీ పెట్టుకోవాలి. దూది ఉండ దీనికి బదులు కాదు, అది మోతను చాలా కొద్దిగానే ఆపుతుంది.

గులిమిని అగ్గిపుల్లతోనో పిన్నుతోనో తీయకూడదు. అది నాళపు చర్మాన్ని కాపాడే పదార్థం, మామూలుగా తనంతట తానే బయటికి వస్తుంది. చెవి కారుతున్నప్పుడు నూనె పోయడం మరీ ప్రమాదం, ఎందుకంటే కర్ణభేరికి రంధ్రం ఉండవచ్చు.

పని దిగాక చెవుల్లో హోరు వినిపిస్తుంటే, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకు వారాంతపు సెలవు గడిచిన ఉదయం, ఇంకా పనిలోకి దిగకముందే వెళ్లడం మంచిది; ముందురోజు మోత వల్ల కలిగిన తాత్కాలిక మందగింపు అప్పటికి తగ్గి, మిగిలిన అసలు నష్టం ఎంతో తెలుస్తుంది.