ఎవరి సీటు ఎవరిది: దూరవిద్య విభాగంలో సిబ్బంది సమాచార పత్రం తెచ్చే పద్ధతి

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి, కోటిపల్లిలో బస్సు పట్టుకుని, రామచంద్రపురం మీదుగా రాజమహేంద్రవరం చేరిన అమ్మాయి డిగ్రీ మెమో కోసం కౌంటరు దగ్గర నిలబడుతుంది. "ఆ సీటు మారిందమ్మా, కొత్తాయన సోమవారం చేరతారు" అంటే ఆ రోజు కూలీ, రానూపోనూ ఛార్జీలూ పోయినట్టే. సీటు మారిన సంగతి, అంటే ఆ పని ఇంకొకరి చేతికి వెళ్ళిన సంగతి, ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ అమ్మాయిని పంపించిన స్టడీ సెంటరు కోఆర్డినేటరుకి మాత్రం తెలియదు. సిబ్బందిలో మార్పులు నెలనెలా తెలిపే సిబ్బంది సమాచార పత్రం ఉండాల్సింది ముందుగా ఇందుకే. సన్మానాలు, శాలువాల ఫొటోలు ఆ తర్వాత.

కాబట్టి పత్రం మనిషి చుట్టూ కాకుండా సీటు చుట్టూ రాయాలి. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు అన్నది సగం వార్తే. ఏ పని ఏ తేదీ నుంచి ఎవరి చేతికి వచ్చింది అన్నదే మిగతా సగం, విద్యార్థికి కావాల్సిందీ అదే.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

అడిగితే చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. అయినా పత్రంలోకి ఎక్కేది కాగితం ఉన్న వార్త మాత్రమే కావాలి. ఆ కాగితాలు మూడు రకాలు: రిజిస్ట్రారు కార్యాలయం నుంచి వచ్చే ప్రొసీడింగ్స్, విభాగంలో సూపరింటెండెంటు ఇచ్చే ఆఫీస్ ఆర్డరు, చేరిన వ్యక్తి ఇచ్చిన జాయినింగ్ రిపోర్టు. బదిలీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన బదిలీ జరిగినట్టు కాదు. పాత చోట రిలీవ్ కావాలి, కొత్త చోట చేరాలి. ఈ మధ్యలో ఉత్తర్వు ఆగిపోవచ్చు, మారిపోవచ్చు. ఉత్తర్వు చూసి "చేరారు" అని రాసేయడమే ఈ పనిలో అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు. జాయినింగ్ రిపోర్టు చేతికొచ్చేదాకా "బదిలీ ఉత్తర్వు వెలువడింది" అని మాత్రమే రాయండి.

ఇంకో ఖచ్చితమైన ఆధారం జీతాల బిల్లు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో బిల్లు తయారయ్యే రోజుల్లో వెళ్ళి, పోయిన నెల పేర్ల జాబితా, ఈ నెల జాబితా పక్కపక్కన పెట్టి చూపించమనండి. కొత్తగా చేరిన పేరు, తీసేసిన పేరు రెండూ అక్కడే బయటపడతాయి. జీతం అంకెలతో మనకి పనిలేదు, అవి చూడనూ వద్దు, రాసుకోనూ వద్దు. ఔట్‌సోర్సింగ్ వాళ్ళ పేర్లు ఈ బిల్లులో ఉండవు. వాళ్ళకి వేరే హాజరు పట్టిక ఉంటుంది, అది కూడా తెప్పించుకోవాలి. చాలా పత్రాల్లో అటెండర్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు, స్టోర్సులో పుస్తకాల కట్టలు కట్టేవాళ్ళు కనపడకపోవడానికి కారణం వేరే ఏమీ కాదు, ఆ పట్టిక ఎవరూ అడగకపోవడమే. దూరవిద్యలో విద్యార్థికి పాఠ్యపుస్తకాలు సమయానికి అందేది ఆ కట్టలు కట్టే చేతుల వల్లే.

స్టడీ సెంటర్ల సంగతి వేరు. అమలాపురం, రాజోలు, భీమవరం, తణుకు, కాకినాడ లాంటి చోట్ల కాలేజీల్లో నడిచే సెంటర్లలో కోఆర్డినేటర్లు, అకడమిక్ కౌన్సెలర్లు (పాఠాలు చెప్పేవాళ్ళు) ఆ కాలేజీ అధ్యాపకులే. కాలేజీలో వాళ్ళకి బదిలీ అయితే మన దగ్గరికి కాగితం రాదు. కాబట్టి ప్రతి నెలా 20వ తేదీన ప్రతి సెంటరుకీ ఒకే ప్రశ్న పంపాలి: "మీ కోఆర్డినేటరు, కౌన్సెలర్లు, ఆఫీసు ఫోను నంబరు పోయిన నెలవేనా? మారితే ఏది, ఏ తేదీ నుంచి?" జవాబు రాని సెంటరుకి 23న ఫోను చేయాలి. జవాబు రాకపోతే మార్పు లేనట్టే అనుకోవద్దు. చెప్పేవాళ్ళే మారిపోయి ఉండొచ్చు.

ఒక్కో వార్తలో ఏముండాలి

పూర్తి పేరు, హోదా, సీటు, తేదీ, ఉత్తర్వు నంబరు, ఇకమీదట ఆ పని చూసేవాళ్ళు. ఈ ఆరింటిలో చివరిది తప్ప మిగతావన్నీ ఎలాగోలా వస్తాయి. చివరిదాని కోసమే గట్టిగా పట్టుపట్టాలి.

మామూలుగా ఇలా రాస్తుంటారు: "మన విభాగంలో అవిశ్రాంతంగా సేవలందించిన సీనియర్ అసిస్టెంటు గారు పదోన్నతిపై వెళ్ళారు. వారి సేవలు మరువలేనివి." వెళ్ళినాయన మీద అభిమానం కనపడుతోంది, కాదనం. చదివిన కోఆర్డినేటరుకి మాత్రం చేయాల్సిందేమిటో తెలియలేదు. అదే ఇలా రాయొచ్చు: "బీఏ, బీకాం అసైన్‌మెంట్ మార్కుల సీటు 5వ తేదీ ఉదయం నుంచి మారింది. ఇంతవరకూ చూసిన సీనియర్ అసిస్టెంటు సూపరింటెండెంటుగా పదోన్నతి పొంది పరీక్షల సెక్షన్‌కి వెళ్ళారు. కొత్తవారు చేరేదాకా ఎంఏ సీటు చూస్తున్న జూనియర్ అసిస్టెంటు అదనంగా చూస్తారు. 5కి ముందు పంపిన మార్కుల జాబితాలు మళ్ళీ పంపనక్కర్లేదు." ఆ చివరి వాక్యం లేకపోతే సగం సెంటర్లు మళ్ళీ పంపిస్తాయి, మరో నాలుగు ఫోను చేస్తాయి. అభినందన రాయాలనుంటే దీని కింద ఒక్క వాక్యం చాలు. ఆయన చేసిన ఒక నిర్దిష్టమైన పని చెబితే అది విశేషణాలకన్నా గౌరవంగా ఉంటుంది.

తేదీ దగ్గర పూర్వాహ్నమా, అపరాహ్నమా అన్నది వదలొద్దు. ఉత్తర్వుల్లో ఎఫ్.ఎన్., ఏ.ఎన్. అని ఉండేది ఇదే. మధ్యాహ్నం చేరితే కొత్త హోదా జీతం మరుసటి రోజు నుంచి లెక్క. అందుకని చదివేవాళ్ళకి చిన్నగా కనిపించినా ఆ ఉద్యోగికి అది పెద్ద విషయమే. పదవీ విరమణ తేదీలోనూ ఒక మెలిక ఉంది. నెలలో ఏ రోజు పుట్టినా విరమణ ఆ నెల ఆఖరి రోజున. నెల 1వ తేదీన పుట్టినవాళ్ళు మాత్రం అంతకు ముందు నెల ఆఖరి రోజునే విరమిస్తారు. జులై 1న పుట్టినవారి సభని జులై 31కి ప్రకటిస్తే, నెల రోజులు ఆలస్యంగా పూలదండ వేసినట్టు అవుతుంది. పుట్టినరోజు గుర్తుపెట్టుకుని రాయకుండా, సర్వీస్ రిజిస్టరు చూసి ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ చెప్పిన తేదీ వేయండి.

పేర్ల విషయంలో గోదావరి జిల్లాల్లో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న సత్యనారాయణలు ఒక్క విభాగంలోనే ముగ్గురు నలుగురు తగలొచ్చు. ఇంటిపేరు పొడి అక్షరం కూడా ఒకటే అయిన సందర్భాలూ ఉంటాయి. అందుకే పేరు పక్కన ఎప్పుడూ హోదా, సెక్షన్ వేయాలి. పొడి అక్షరాలు ఉత్తర్వులో ఉన్న వరసలోనే, ఉన్నన్నీ రాయాలి. "వి.వి." అని రెండుసార్లు ఉంటే టైపు చేసేవాళ్ళు పొరపాటనుకుని ఒకటి తీసేస్తారు. అచ్చుకి ముందు ఆ వ్యక్తికే ఫోను చేసి "మీ పేరు ఇలా వేస్తున్నాం, సరేనాండి?" అని అడిగితే అరనిమిషంలో తేలిపోతుంది.

"గారు" అని వేస్తే అందరికీ వేయండి. డైరెక్టరు పేరుకి తగిలించి అటెండరు పేరుకి వదిలేస్తే, ఆ అటెండరు పత్రం ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకి చూపించలేరు.

రాయకూడనివి

వైద్య సెలవులో ఉన్నవారి జబ్బు ఏమిటో రాయకూడదు. "సెలవులో ఉన్నారు, సీటు ఫలానావారు చూస్తారు" అంతే. మెమోలు, విచారణలు, సస్పెన్షన్లు పత్రంలోకి రావు. అలాంటప్పుడు కూడా సీటు మార్పు మాత్రం కారణం చెప్పకుండా వేయాలి, ఎందుకంటే పని ఆగకూడదు. సొంత మొబైలు నంబరు ఆ వ్యక్తి ఒప్పుకుంటేనే. ఆఫీసు నంబరుంటే అది చాలు. ఆడవాళ్ళ నంబర్లు స్టడీ సెంటరు గోడల మీద అంటించే పత్రంలో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఆధారు, బ్యాంకు ఖాతా, పుట్టిన సంవత్సరం ఉన్న కాగితాన్ని ఫొటో తీసి జోడించడం చాలాచోట్ల జరుగుతోంది. ఉత్తర్వు ఫొటో పెట్టకుండా దాని నంబరు, తేదీ రాస్తే సరిపోతుంది.

మరణ వార్త నెలాఖరు దాకా ఆగదు. అదే రోజు వేరే కాగితంగా వెళ్ళాలి. ఇంటివాళ్ళలో ఒకరితో మాట్లాడి నిర్ధారించుకోకుండా పంపొద్దు. వాట్సాప్ గ్రూపులో నలుగురు "ఓం శాంతి" పెట్టారు కదా అనేది నిర్ధారణ కాదు. మరణ కారణం రాయొద్దు. పెద్దకర్మా, జ్ఞాపకార్థ కూడికా, ఇంకేదైనానా అన్నది మనం ఊహించకుండా, ఇంటివాళ్ళు ఏ మాట అన్నారో అదే మాట, వాళ్ళు చెప్పిన తేదీ, చోటు.

నెల క్యాలెండరు

20న సెంటర్లకి ప్రశ్న, 25న సెక్షన్ల నుంచి కాగితాలు, 27 సాయంత్రానికి ముసాయిదా, 28న సూపరింటెండెంటు, డైరెక్టరు సంతకం. మరుసటి నెల మొదటి పనిదినం ఉదయం పది గంటలకి విడుదల. 25 తర్వాత వచ్చినవి వచ్చే నెలకి. సీటు మార్పు ఒక్కటే దీనికి మినహాయింపు, అది ఎప్పుడు వచ్చినా ఎక్కించాలి. దూరవిద్యలో ప్రవేశాలు ఏడాదికి రెండుసార్లు, జనవరి-ఫిబ్రవరిలో, జులై-ఆగస్టులో ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో పత్రం మొదటి సగమంతా ప్రవేశాల కౌంటర్లు, ఫీజు చలానాలు, పుస్తకాల పంపిణీ ఎవరు చూస్తున్నారన్నదానికే ఇచ్చేయండి. జనవరి పత్రం సంక్రాంతికి ముందే బయటికి పోవాలి. భోగి నుంచి కనుమ దాకా, కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం అయ్యేదాకా, దాన్ని తెరిచి చదివేవాళ్ళుండరు.

వరద రోజుల పత్రం

జులై నుంచి సెప్టెంబరు దాకా నెల పత్రం ఒక్కదానితోనే పని జరగదు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకే లంక గ్రామాల (గోదావరి మధ్య దీవుల్లోని ఊళ్ళ) కాజ్‌వేల మీదికి నీరు రావచ్చు, పంట్లు ఆగిపోతాయి. అంటే లంకల్లో ఉండే విద్యార్థులే కాదు, మన సిబ్బందిలోనూ కొందరు రాలేరు. వాళ్ళ సీట్లు ఎవరు చూడాలో జూన్‌లోనే రాసి పెట్టుకోవాలి: ప్రతి సీటుకీ ఒక బదులు పేరు, ఆ బదులు మనిషి ఏటికి ఇవతల ఉండేవారై ఉండాలి. ఇద్దరూ ఒకే లంకవాళ్ళయితే ఆ ఏర్పాటు కాగితం మీదే మిగులుతుంది.

వరద ప్రకటన నాలుగు వాక్యాలకి మించొద్దు. పైన తేదీతోపాటు గంట కూడా వేయాలి. ఏ సెంటరులో ఏ కాంటాక్ట్ (ముఖాముఖి) తరగతి వాయిదా, ఎవరికి ఫోను చేయాలి, మళ్ళీ సమాచారం ఎప్పుడు. ముందటి ప్రకటన రద్దయితే "నిన్న సాయంత్రం 4 గంటల ప్రకటన రద్దు" అని స్పష్టంగా రాయాలి. గంట లేని ప్రకటనలు వాట్సాప్‌లో రెండు మూడు రోజులు తిరిగి తిరిగి, నీరు తీశాక కూడా తరగతులు లేవని చెబుతూనే ఉంటాయి.

టైపు, అచ్చు

ఒకే ఎ4 కాగితం, రెండు పక్కలా, రెండు నిలువు వరసలు (కాలమ్‌లు). ఇంతకు మించితే నోటీసు బోర్డు మీద రెండో కాగితం ఊడిపోతుంది. అక్షరం 12 లేదా 13 పాయింట్లు, వరసల మధ్య ఎడం ఒకటిన్నర. ఎడం తగ్గిస్తే పై వరస వొత్తులు కింది వరస గుడులకి తగులుకుంటాయి. మండలి, సురవరం, నోటో తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్ని వాట్సాప్‌లోకి అతికిస్తే అక్కరకురాని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి కానీ, మార్చాక వొత్తులు, పొల్లులు, అంకెలు ఒక్కోటీ చూసుకోవాలి. తేదీలో అంకె తారుమారైతే మిగతా కష్టమంతా వృథా.

ఇంకో చిన్న చిక్కు: "ఆఫీస్‌లో" అని కొట్టబోతే పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోయి "ఆఫీస్లో" అవుతుంది. ఆ రెండు అక్షరాలనీ విడగొట్టే కీ చాలా తెలుగు కీబోర్డుల్లో ఉంటుంది, టైపు చేసేవాళ్ళకి మొదటి రోజే అది చూపించండి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంటుగా పంపమనండి. రెండంగుళాల వెడల్పు ఫొటో అచ్చులో స్పష్టంగా రావాలంటే కనీసం 600 పిక్సెళ్ళు ఉండాలి. ఫొటో కింద పేర్లు ఎడమ నుంచి కుడికి వేయండి, వెనక వరసలో నిలబడ్డవాళ్ళతో సహా.

పీడీఎఫ్‌ని 2 ఎంబీ లోపు ఉంచి పంపండి. దాంతోపాటు సీటు మార్పులు మాత్రం మామూలు సందేశంగా కూడా పెట్టండి, ఎందుకంటే సిగ్నలు సరిగా లేని ఊళ్ళో పీడీఎఫ్ తెరుచుకోదు. అచ్చు ప్రతులు సెంటరుకి రెండు: ఒకటి బోర్డుకి, ఒకటి ఫైలుకి.

తప్పు దొర్లితే దిద్దుబాటు వచ్చే సంచికలో మొదటి పేజీ పైనే రావాలి: ఏది తప్పు పడింది, ఏది సరైనది. సీటుకి సంబంధించిన తప్పైతే అదే రోజు సెంటర్లన్నిటికీ ఫోను చేసి, బోర్డు మీది పాత ప్రతి తీయించి, కొత్తది అంటించినట్టు ఫొటో తెప్పించుకోండి.