స్వీప్ వోల్టామెట్రీతో వ్యాపన గుణకాన్ని కొలిచే విధానం

స్వీప్ వోల్టామెట్రీలో ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను ఒకే వేగంతో మారుస్తూ కరెంటును నమోదు చేస్తాం. చర్య మొదలయ్యే పొటెన్షియల్ దాటగానే కరెంటు పెరుగుతుంది. అయితే ఎలక్ట్రోడ్‌ను ఆనుకుని ఉన్న పదార్థం ఖర్చయిపోయి, దూరం నుంచి వ్యాపనం ద్వారా రావలసినది ఆ వేగాన్ని అందుకోలేకపోవడంతో మళ్లీ తగ్గుముఖం పడుతుంది. వక్రరేఖలో శిఖరం ఏర్పడేది అందుకే, వ్యాపన గుణకం (పదార్థం ద్రావణంలో ఎంత వేగంగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య) బయటపడేదీ ఆ శిఖరం ఎత్తులోంచే.

కొత్తగా నేర్చుకునేవారు 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 1 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రీసయనైడ్‌తో మొదలుపెట్టడం మంచిది. క్లోరైడ్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు ద్రావణంలో విద్యుత్తును మోసే పని దాదాపు అంతా అదే చూసుకుంటుంది కనుక, ఫెర్రీసయనైడ్ ఎలక్ట్రోడ్‌ను చేరడానికి వ్యాపనం ఒక్కటే దారి అవుతుంది. ఈ ద్రావణంలో ఆమ్లం మాత్రం కలపకూడదు. విషవాయువు వెలువడే ప్రమాదం ఉంది.

ఫలితం బాగా రావడం, రాకపోవడం చాలావరకు ఎలక్ట్రోడ్ ఉపరితలం మీదే ఆధారపడుతుంది. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను నిటారుగా పట్టుకుని, 0.05 మైక్రోమీటర్ల అల్యూమినా పొడిని తడిపి పరచిన పాలిషింగ్ గుడ్డపై 8 అంకె ఆకారంలో రెండు నిమిషాలు రుద్ది, డిస్టిల్డ్ నీటితో పొడి పూర్తిగా పోయేలా కడగాలి. పొటెన్షియల్‌ను పోల్చి కొలవడానికి సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను, కరెంటు వలయం పూర్తి కావడానికి ప్లాటినం తీగను అమర్చి, పది నిమిషాలు నైట్రోజన్ పంపాక గొట్టాన్ని ద్రావణం పైకి లాగి, అర నిమిషం కదలకుండా వదిలేయాలి.

0.6 వోల్టుల నుంచి −0.1 వరకు దించి, మళ్లీ 0.6కు తీసుకురావాలి. సెకనుకు 20, 50, 100, 200, 400 మిల్లీవోల్టుల వేగాలతో ఇదే కొలత తీస్తూ, ప్రతిసారీ ముందు ద్రావణాన్ని కలిపి, నిశ్చలం కానివ్వాలి.

శిఖరం ఎత్తును సున్నా గీత నుంచి కాక, శిఖరానికి ముందున్న చదునైన భాగాన్ని పొడిగించి, దాని నుంచి కొలవాలి. ఆ విలువలను వేగం వర్గమూలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి. శిఖరం ఎత్తును వ్యాపన గుణకంతో ముడిపెట్టే రాండిల్స్–షెవ్‌చిక్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక ఎలక్ట్రాన్ చర్యకు, ఆ రేఖ వాలు 2.69 × 10⁵, ఎలక్ట్రోడ్ వైశాల్యం, గాఢత, వ్యాపన గుణకపు వర్గమూలం అనే నాలుగింటి లబ్ధం. గాఢతను ఘన సెంటీమీటరుకు మోల్‌లలోనే వేయాలి. 1 మిల్లీమోలార్ అంటే 10⁻⁶. ఇక్కడ 10⁻³ వేస్తే గుణకం పది లక్షల రెట్లు తప్పుతుంది, ఈ పొరపాటు చాలామంది చేసేదే. వైశాల్యం 0.0707 చదరపు సెంటీమీటర్లు, 100 మిల్లీవోల్టుల వేగం వద్ద శిఖరం 16.6 మైక్రోఆంపియర్లు అయితే, గుణకం సెకనుకు సుమారు 7.6 × 10⁻⁶ చదరపు సెంటీమీటర్లు వస్తుంది.

పొటెన్షియల్ దిగేటప్పుడు ఒకటి, తిరిగి పెరిగేటప్పుడు ఒకటి వచ్చే రెండు శిఖరాల మధ్య దూరం 59 మిల్లీవోల్టుల దగ్గర ఉంటే చర్య రివర్సిబుల్ (ఎలక్ట్రాన్ బదిలీ రెండు దిశల్లోనూ వేగంగా జరిగేది) అనుకోవచ్చు. వేగంతో పాటు ఆ దూరం పెరుగుతుంటే ఎలక్ట్రాన్ బదిలీ నెమ్మదిగా ఉందని వెంటనే తేల్చేయకూడదు, ద్రావణ నిరోధం కూడా అదే పని చేస్తుంది. ఫెర్రీసయనైడ్ గాఢతను మాత్రమే సగానికి తగ్గించి మళ్లీ కొలిచినప్పుడు దూరం తగ్గితే నిరోధానిదే తప్పు. మారకపోతే నెమ్మదితనం చర్యదే. ఇక శిఖరం ఎత్తు వర్గమూలంతో కాక నేరుగా వేగంతోనే పెరుగుతుంటే, పదార్థం ఎలక్ట్రోడ్‌కు అంటుకుని ఉన్నట్టు. అలాంటి కొలతకు పై సమీకరణం వర్తించదు.