విదేశాల్లో బ్యాంకు కార్డు వాడేటప్పుడు ఫీజులు, మారకపు రేట్లలో నష్టపోకుండా ఉండటం ఎలా?

విదేశం నుంచి తిరిగొచ్చి కార్డు స్టేట్‌మెంట్ చూసుకుంటే, మనం అక్కడ వేసుకున్న లెక్క కంటే ఎక్కువే పోయినట్టు కనిపిస్తుంది. ఆ తేడా ఒకచోట పడిన కోత కాదు. మారకపు రేటులో కొంత, బ్యాంకు ఫీజులో కొంత, ఏటీఎం యజమాని తీసుకునేది కొంత, మనం తెలియకుండా నొక్కిన ఒక బటన్ వల్ల కొంత, ఇలా నాలుగు చోట్ల పోతుంది. వీటిలో కొన్ని తప్పించుకోలేనివి. కానీ అన్నిటికంటే పెద్దది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. దాని గురించి ఐదో దశలో వివరంగా రాశాను. చదవడానికి సమయం లేనివాళ్లు కనీసం అదొక్కటైనా చదవండి.

1. పోల్చి చూసుకోవడానికి ఒక రేటు పెట్టుకోండి

ఇంటర్నెట్‌లో రెండు కరెన్సీల పేర్లు కొట్టగానే కనిపించేది మధ్య రేటు. అంటే పెద్ద బ్యాంకులు తమలో తాము కొనే ధరకూ అమ్మే ధరకూ నడుమ ఉండేది. మామూలు మనిషికి సరిగ్గా ఆ రేటు దొరకడం అరుదు. అయినా ఎవరు ఎంత కోత పెడుతున్నారో కొలవడానికి అదే మంచి ఆధారం.

మనం కార్డు వాడినప్పుడు సాధారణంగా వర్తించేది కార్డు నెట్‌వర్క్ రేటు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థలు తమ రేట్లను తామే నిర్ణయిస్తాయి. ప్రధాన కరెన్సీల విషయంలో ఇది మధ్య రేటుకు బాగా దగ్గరగా ఉంటుంది. ఈ రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ రేటు లెక్కించే కాలిక్యులేటర్ ఉంది. తేదీ, రెండు కరెన్సీలు, మీ బ్యాంకు తీసుకునే ఫీజు శాతం ఇస్తే మీ ఖాతాలోంచి సుమారు ఎంత పోతుందో చూపిస్తుంది. ప్రయాణానికి ముందే ఒకసారి వాడి చూడండి.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. కొన్నిసార్లు మీరు కొన్న రోజు రేటు కాకుండా, ఆ లావాదేవీ ప్రాసెస్ అయిన రోజు రేటు పడుతుంది. ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లో ఒక మొత్తం, స్టేట్‌మెంట్‌లో మరో మొత్తం కనిపిస్తే వెంటనే మోసం అనుకోనక్కర్లేదు. తేడా కొద్దిగానే ఉంటే కారణం ఇదే కావచ్చు.

2. మీ కార్డు ఫీజుల పట్టిక తెరిచి చదవండి

బ్యాంకు వెబ్‌సైట్‌లో ప్రతి కార్డుకూ ఛార్జీల పట్టిక ఉంటుంది. అందులో విదేశీ లావాదేవీ ఫీజు, ఫారెక్స్ మార్కప్, క్రాస్ కరెన్సీ ఫీజు, ఇలా ఏదో ఒక పేరుతో ఉన్న వరుసను వెతకండి. పేరు ఏదైనా పని ఒకటే: మీరు ఖర్చు చేసిన మొత్తం మీద ఇంత శాతం అదనంగా తీసుకోవడం. చాలా కార్డులకు ఇది 1 నుంచి 3.5 శాతం మధ్యలో ఉంటుంది. అసలు ఈ ఫీజే లేని కార్డులు కూడా ఉన్నాయి. తరచూ విదేశాలకు వెళ్లేవాళ్లకు అలాంటి కార్డు ఒకటి ఉండటం నిజంగా లాభమే. అయితే దాని వార్షిక ఫీజు ఎంతో కూడా చూసి లెక్క వేసుకోవాలి.

పట్టికలో అర్థం కానివి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి అడగండి. శాతం కాకుండా కనీస ఛార్జీ ఏమైనా ఉందా? ఫీజు మీద పన్ను కూడా పడుతుందా? ఏటీఎంలో డబ్బు తీస్తే విడిగా ఎంత? మొత్తం మన కరెన్సీలోనే ఉన్నా, అమ్మేవాళ్లు విదేశంలో ఉంటే ఫీజు పడుతుందా? చివరి ప్రశ్న చాలామంది అడగరు. చాలా బ్యాంకుల్లో దానికి జవాబు అవుననే వస్తుంది. ఇంట్లో కూర్చుని విదేశీ వెబ్‌సైట్‌లో హోటల్ బుక్ చేసినా ఈ ఫీజు పడొచ్చు. ఫోన్‌తో ట్యాప్ చేసి కట్టినా తేడా ఏమీ ఉండదు, వెనక ఉన్న కార్డు ఫీజే వర్తిస్తుంది.

3. ఏ పనికి ఏ కార్డో ముందే నిర్ణయించుకోండి

దుకాణాలు, హోటళ్లు, టికెట్లకు క్రెడిట్ కార్డు నయం. ఏదైనా తేడా వస్తే మన సొంత డబ్బు ఖాతాలోంచి పోయి ఇరుక్కోదు. నగదు తీయడానికి మాత్రం డెబిట్ కార్డే వాడాలి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే దాన్ని బ్యాంకు అప్పుగా లెక్కిస్తుంది. విడిగా ఫీజు వేయడమే కాదు, చాలా కార్డులకు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మామూలు కొనుగోళ్లకు ఉండే వడ్డీ లేని గడువు దీనికి ఉండదు. క్రెడిట్ కార్డు ఇచ్చి విదేశీ నోట్లు కొన్నా చాలాసార్లు ఇదే లెక్క పడుతుంది.

ముందే డబ్బు నింపి తీసుకెళ్లే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డులో ఒక సౌకర్యం ఉంది. నింపిన రోజే రేటు ఖాయమైపోతుంది కాబట్టి తర్వాత రేటు మారుతుందన్న టెన్షన్ ఉండదు. కానీ నింపేటప్పుడు ఇచ్చే రేటులోనే కోత దాగి ఉండొచ్చు. దాన్ని మధ్య రేటుతో పోల్చి చూడండి. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు చేస్తే మళ్లీ మార్పిడి ఫీజు, మిగిలిన డబ్బు వెనక్కి తీసుకుంటే ఇంకో మార్పిడి, చాలాకాలం వాడకపోతే ఛార్జీ. ఒకటే దేశానికి, ఖర్చు ముందే తెలిసిన ప్రయాణానికి ఇది బాగుంటుంది. నాలుగు దేశాలు తిరిగేవాళ్లకు నేనైతే దీన్ని సలహా ఇవ్వను.

ఏదైనా సరే, ఒక్క కార్డుతో వెళ్లకండి. వేర్వేరు నెట్‌వర్క్‌లవి రెండు ఉంచుకుని, వాటిని వేర్వేరు చోట్ల పెట్టుకోండి.

4. బయల్దేరే ముందు చేయాల్సినవి

బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్‌లో ఉందో లేదో చూడండి. రోజువారీ పరిమితి సరిపోతుందా? పిన్ గుర్తుందా? కొన్ని దేశాల్లో ఏటీఎంలు నాలుగంకెల పిన్ మాత్రమే తీసుకుంటాయి. మనుషులు లేని టికెట్ మిషన్లు పిన్ లేకుండా కార్డు తీసుకోకపోవచ్చు. ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేసేలా చూసుకోండి, లేదంటే ఆన్‌లైన్ చెల్లింపులు ఆగిపోతాయి. కార్డు బ్లాక్ చేయించే ఫోన్ నంబర్ కార్డు వెనకే ఉంటుంది. కార్డు పోతే అది కూడా పోతుంది కాబట్టి వేరేచోట రాసి పెట్టుకోండి.

5. మిషన్ ఏ కరెన్సీలో కావాలని అడిగితే, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి

అసలు విషయం ఇది. దుకాణంలో కార్డు పెట్టగానే మిషన్ తెర మీద రెండు మొత్తాలు వస్తాయి. ఒకటి అక్కడి కరెన్సీలో, ఇంకోటి మీ కరెన్సీలో. మనకు అలవాటైన కరెన్సీ కనిపించగానే ధైర్యంగా ఉంటుంది, చేయి అటే పోతుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. అటు నొక్కితే మార్పిడి చేసేది మీ బ్యాంకు కాదు, మీ కార్డు నెట్‌వర్కూ కాదు. ఆ దుకాణం తరఫున పనిచేసే ఒక సంస్థ తన సొంత రేటుతో మారుస్తుంది. అందులో దాని లాభం కలిసి ఉంటుంది, దుకాణానికీ వాటా వెళ్తుంది. అందుకే కొన్నిచోట్ల కౌంటర్‌లో ఉన్నవాళ్లు మీ కరెన్సీలోనే కట్టమని చెబుతారు.

ఒక లెక్క చూద్దాం. మధ్య రేటు ప్రకారం మీ కరెన్సీలో 10,000 అయ్యే వస్తువు కొన్నారనుకోండి. మీ బ్యాంకు ఫీజు 3 శాతం. అక్కడి కరెన్సీలో కడితే సుమారు 10,300 పోతుంది. మీ కరెన్సీ ఎంచుకుంటే, మిషన్ రేటులో 6 శాతం కోత ఉందనుకుంటే 10,600 అవుతుంది. అమ్మింది విదేశంలో కాబట్టి మీ బ్యాంకు దాని మీద కూడా 3 శాతం వేస్తే 10,918 అవుతుంది. ఒక్క బటన్‌కి ఆరు వందలకు పైగా తేడా. బ్యాంకు ఫీజు తప్పించుకోవచ్చనుకుని మీ కరెన్సీ ఎంచుకుంటే రెండు కోతలూ పడతాయన్నమాట.

కార్డు నెట్‌వర్క్‌ల నియమాల ప్రకారం ఎంపిక మీకే వదిలేయాలి, అడగకుండా మార్చకూడదు. కాబట్టి మిషన్‌ని మీ చేతికి ఇవ్వమని అడిగి, తెర చదివి, మీరే నొక్కండి. రసీదులో మీ కరెన్సీ మొత్తం, మారకపు రేటు కనిపిస్తే మార్పిడి జరిగిపోయినట్టే. అక్కడికక్కడే రద్దు చేసి మళ్లీ అక్కడి కరెన్సీలో తీసుకోమని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు. ఒప్పుకోకపోతే రసీదు మీద మీకు ఎంపిక ఇవ్వలేదని రాసి, కాపీ దాచుకుని, తర్వాత బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు.

యూరోపియన్ యూనియన్‌లో 2019లో వచ్చిన నిబంధన ఈ కోతను బయటపెట్టింది. యూనియన్ లోపలి కార్డు చెల్లింపుల్లో ఇలా మార్పిడి చేసేవాళ్లు తమ రేటు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కంటే ఎంత శాతం ఎక్కువో ముందే చూపించాలి. ఇది అన్నిచోట్లా ఉంటే ఎంత బాగుంటుంది! లేనిచోట ఆ లెక్క మనమే వేసుకోవాలి.

ఆన్‌లైన్‌లోనూ ఇదే జరుగుతుంది. కొన్ని చెల్లింపు సేవలు తామే కరెన్సీ మార్చే ఆప్షన్‌ని ముందే టిక్ చేసి ఉంచుతాయి. డబ్బు కట్టే ముందు ఆ వరుస తెరిచి, మార్పిడి కార్డు బ్యాంకు చేసేలా మార్చండి.

6. ఏటీఎంలో తొందరపడకండి

ఏటీఎం దగ్గర మూడు కోతలు విడివిడిగా పడొచ్చు: ఏటీఎం యజమాని ఫీజు, మీ బ్యాంకు ఫీజు, మార్పిడి కోత. మొదటిది డబ్బు ఇచ్చే ముందు తెర మీద చూపిస్తారు. ఎక్కువ అనిపిస్తే క్యాన్సిల్ నొక్కి బయటికి రండి. బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్న ఏటీఎంలు సాధారణంగా నయం. పర్యాటకులు తిరిగే వీధుల్లో, విమానాశ్రయాల్లో ప్రైవేటు సంస్థలు పెట్టినవి తరచూ ఎక్కువ తీసుకుంటాయి.

మార్పిడి ప్రశ్న ఇక్కడ మరింత గందరగోళంగా వస్తుంది. పెద్ద అక్షరాల్లో ఒక రేటు చూపించి, ఒప్పుకుంటారా లేదా అని అడుగుతుంది. డిక్లైన్ కన్వర్షన్ అనో, విత్‌అవుట్ కన్వర్షన్ అనో ఉన్న బటన్ నొక్కండి. డిక్లైన్ అంటే డబ్బు రాదేమోనని చాలామంది భయపడతారు. మీరు వద్దంటున్నది వాళ్ల రేటును మాత్రమే. డబ్బు వస్తుంది, మార్పిడి మీ కార్డు రేటుతో జరుగుతుంది.

ఒక్కో విత్‌డ్రాకు ఇంత అని స్థిరమైన ఫీజు ఉంటే, తక్కువ సార్లు ఎక్కువ మొత్తం తీయడం మేలు. ఫీజు 200 అయితే, 2,000 తీసినప్పుడు అది 10 శాతం, 20,000 తీసినప్పుడు 1 శాతమే. అయితే చేతిలో అంత నగదు పెట్టుకుని తిరగడం ఎంతవరకు క్షేమమో చూసుకుని తీయండి.

7. హోటల్ హోల్డ్‌లు, రిఫండ్‌లు

హోటళ్లు, కార్లు అద్దెకిచ్చేవాళ్లు, కొన్ని పెట్రోల్ బంకులు ముందుగా కొంత మొత్తం హోల్డ్‌లో పెడతారు. ఖర్చు కాకపోయినా ఆ డబ్బు కొన్ని రోజులు వాడుకోలేం. డెబిట్ కార్డు ఇస్తే సొంత డబ్బే ఇరుక్కుంటుంది కాబట్టి ఇక్కడ క్రెడిట్ కార్డే ఇవ్వండి. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు అక్కడి కరెన్సీలో వేయమని మళ్లీ గుర్తుచేయండి.

వస్తువు వాపసు ఇస్తే రిఫండ్ ఆ రోజు రేటుతో వస్తుంది. కట్టినంతా తిరిగి రాకపోవచ్చు, కొన్నిసార్లు కాస్త ఎక్కువే రావచ్చు. మొదట పడిన ఫీజును చాలా బ్యాంకులు వెనక్కి ఇవ్వవు. పెద్ద మొత్తం అయితే అడిగి చూడండి.

8. తిరిగొచ్చాక స్టేట్‌మెంట్ సరిచూసుకోండి

రసీదులు పారేయకండి. ఖాతాలోంచి పోయిన మొత్తాన్ని అక్కడి కరెన్సీ మొత్తంతో భాగిస్తే మీకు నిజంగా పడిన రేటు వస్తుంది. దాన్ని ఆ రోజు నెట్‌వర్క్ కాలిక్యులేటర్ రేటుతో పోల్చండి. తేడా మీ బ్యాంకు ఫీజు శాతానికి దగ్గరగా ఉంటే సరే. అంతకంటే చాలా ఎక్కువ ఉంటే మిషన్ దగ్గర మార్పిడి జరిగిందేమో రసీదులో చూడండి. రెండుసార్లు పడినవి, మీరు చేయనివి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది. ప్రయాణం అయిపోయినా ఒక నెలపాటు స్టేట్‌మెంట్ గమనిస్తూనే ఉండండి, ఎందుకంటే అద్దె కారు జరిమానాలు, టోల్ ఛార్జీలు లాంటివి ఆలస్యంగా వచ్చి పడతాయి.