పద్యాల పోటీలో ఓటు పద్యానికి పడకపోతే ఏం చూడాలి?

ఎనిమిది పద్యాలు తీసుకుని, రెండేసి చొప్పున పోటీకి పెట్టి, పిల్లల ఓట్లతో ఫైనల్ దాకా తీసుకెళ్లే ఆట తెలుగు టీచర్లకు కొత్తేమీ కాదు. మొత్తం ఏడు పోటీలు. చాలా క్లాసుల్లో ఆట జోరుగానే నడుస్తుంది, పిల్లలు గోలగోలగా ఓట్లేస్తారు, కానీ పద్యాలను పోల్చి చూడటం మాత్రం జరగదు.

అలాంటప్పుడు అన్నిటికంటే ముందు బోర్డు చూడండి. రెండు పద్యాలూ పక్కపక్కన రాసి ఉన్నాయా? ఒకటి పాఠ్యపుస్తకంలో ఉంటుంది, రెండోది టీచర్ పైకి చదివి వినిపిస్తారు. కళ్లెదుట ఉన్నదానికే ఓట్లు పడతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ వదిలేసి, "మా పిల్లలకు పద్యాలంటే ఆసక్తి లేదండీ" అంటారు. ఆసక్తి సంగతి తర్వాత. ముందు రెండూ రాయండి, కష్టమైన మాటలకు అర్థాలు పక్కనే రాయండి.

సమస్య: "ఎందుకు నచ్చింది?" అంటే "బాగుంది సార్" తప్ప ఇంకో మాట రాదు

లోపం ప్రశ్నలో ఉంది. "ఏది బాగుంది?" అని అడిగితే వచ్చే జవాబు అదే. ఒక్కో రౌండుకు ఒక్కటే కొలత పెట్టండి. ఉదాహరణకు, పోలిక ఎందులో బాగా కుదిరింది?

వేమన పద్యాల్లో "ఉప్పు కప్పురంబు", "అల్పుడెపుడు పల్కు" జతగా పెట్టి చూడండి. రెండూ మంచివాళ్లను మిగతావాళ్ల నుంచి వేరు చేసి చూపేవే, రెండింట్లోనూ పోలిక ఉంది. మొదటిదాంట్లో ముందు ఉప్పూ కర్పూరమూ, తర్వాత మనుషులు. రెండోదాంట్లో ముందు మనుషులు, తర్వాత కంచూ కనకమూ. "పోలిక ముందొస్తే బాగుందా, వెనకొస్తే బాగుందా?" అని అడిగితే ఏడో తరగతి పిల్లలు కూడా కారణాలు చెప్తారు. ఇంకాస్త కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. ఒక పద్యం ప్రకారం పైకి అందరూ ఒకలాగే కనిపిస్తారు, రుచి చూస్తే గానీ తేడా తెలీదు. రెండోదాని ప్రకారం నోరు విప్పగానే తెలిసిపోతుంది. మరి మనుషుల విషయంలో ఏది నిజం? ఈ వాదన కోసమే పోటీ పెట్టేది.

సమస్య: అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఫలితాలు మాత్రం నమ్మబుద్ధి కావు

దీన్ని పట్టుకోవడం కష్టం. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిందీ ఇదే. పిల్లలు శ్రద్ధగా వింటారు, చేతులెత్తుతారు, అడిగితే "భావం బాగుంది" అంటారు. కానీ నాలుగు పోటీల ఫలితాలు వరసగా పెట్టి, ఏ పద్యం ఎవరు చదివారో పక్కన రాసుకోండి. గెలిచినవన్నీ క్లాసులో బాగా పాడే అమ్మాయి చదివినవే అయి ఉంటాయి. ఓటు పడింది గొంతుకు.

మన దగ్గర ఇది ఎక్కువగా జరుగుతుంది. పద్యం అనగానే రాగం తీయడం మనకు అలవాటు. ఇద్దరి బదులు ఒక్కరితోనే రెండూ చదివిస్తే సరిపోతుందనుకుంటారు గానీ, ఛందస్సు ఊరుకోదు. పాదానికి ఇరవై అక్షరాలుండే ఉత్పలమాలలో రాగం సాగదీయడానికి బోలెడంత చోటుంది. ఆటవెలది చిన్న చిన్న పాదాలతో చకచకా అయిపోతుంది. పొట్టి పద్యం ఎంత గట్టిదైనా ఆ రాగం ముందు తేలిపోతుంది. అందుకే మొదటి రౌండ్లలో ఆటవెలదికి ఆటవెలదినే, కందానికి కందాన్నే జత చేయండి.

అనుమానం తీర్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఓటేసిన పిల్లవాణ్ణి బోర్డు చూడకుండా ఆ పద్యంలోంచి ఒక్క మాట చెప్పమనండి. చాలామంది తడబడితే వాళ్లు పద్యం వినలేదు, పాట విన్నారు. లేదా అదే జతను ఇంకో సెక్షన్‌లో చదివేవాళ్లను తారుమారు చేసి పెట్టండి. ఫలితం కూడా తారుమారైతే ఇక అనుమానమే అక్కర్లేదు.

పరిష్కారం వరస మార్చడమే. మొదట ఐదు నిమిషాలు ఎవరికి వాళ్లు మనసులో చదువుకోవాలి. పైకి ఎవరూ చదవకూడదు, టీచర్ కూడా. తర్వాత చీటీ మీద ఓటు, కింద ఒక వాక్యం కారణం. ఆ చీటీలు తీసుకున్నాకే రాగంతో చదివించండి, మళ్లీ ఓటు వేయించండి. రెండు లెక్కలూ బోర్డు మీద రాసి, "వినగానే ఎవరి మనసు మారింది? ఏ పాదం దగ్గర?" అని అడగండి.

రాగాన్ని పూర్తిగా తీసేయమని మాత్రం చెప్పను. పద్యం చెవికి కూడా రాసిందే. నాదం వల్ల ఎంత నచ్చింది, మాట వల్ల ఎంత నచ్చింది అని పిల్లలు విడదీసి చెప్పగలిగితే చాలు. "చదివినప్పుడు మామూలుగా అనిపించింది, మూడో పాదం వినగానే గంట కొట్టినట్టుంది" అని ఒక పిల్ల చెప్పిందంటే, పద్యాన్ని తూచడం ఆ పిల్లకు వచ్చేసినట్టే.

మిగతావి

పక్కవాణ్ణి చూసి చేతులెత్తడం: చీటీలు పెడితే పోతుంది.

ఓడిన జట్టు అలగడం: పద్యాన్ని జట్టుకు అంటగట్టడం వల్ల వస్తుంది. అసలు జట్లే వద్దు. పెట్టక తప్పకపోతే సెమీఫైనల్‌లో పద్యాలు మార్చేసి, నిన్న వాదించినదానికి ఎదురుగా ఇవాళ వాదించమనండి. పిల్లలకు ఇదే ఎక్కువ సరదా.

ఓట్లు సమానం కావడం, ఎవరికీ కొరుకుడు పడని పద్యం జాబితాలోకి రావడం ఎప్పుడో గానీ జరగవు. సమానమైతే రెండింటినీ పైకి పంపి తర్వాతి పోటీ మూడు పద్యాలతో ఆడించండి. కొరుకుడు పడనిదాన్ని తీసేసి ఇంకోటి పెట్టండి.